సీటు దొరికినది, చోటేది?
(విశ్వవిద్యాలయ వసతి గృహముల చరిత్రపై కొన్ని తలంపులు)

శతజయంతి సంచికకు ఒక చరిత్ర వ్యాసము వ్రాయుమని సంపాదక వర్గమువారు కోరినప్పుడు, మన దేవాలయముల గూర్చియో, తొలి మిషనరీల గూర్చియో వ్రాయవలెనని మొదట అనుకొన్నాము. ఆ పని మాకంటె బాగుగా చేయగల పెద్దలు ఈ సంచికలోనే ఉన్నారు. మా మనస్సులో చాలా కాలముగా ముల్లువలె నిలిచిన వేరొక సంగతి కలదు. దానిని గూర్చి వ్రాయుటకు ఇదే తగిన సమయమని తోచింది.

కొన్ని సంవత్సరముల క్రిందట, మేము ఒక పట్టణ సంఘములో సేవ చేస్తున్న రోజులలో, ఒక సాయంత్రము ఒక పల్లెటూరి కుర్రవాడు మా పార్సనేజీ గుమ్మములో నిలిచాడు. చేతిలో రేకు పెట్టె, చంకలో చుట్టిన చాప. తన ఊరి ఉపదేశి వ్రాసిచ్చిన చీటీ మా చేతికిచ్చి, "అయ్యగారూ, యూనివర్సిటీలో సీటు వచ్చిందండి, చోటే రాలేదు. హాస్టలు లిస్టులో నా పేరు లేదండి. నెల రోజులు ఎక్కడైనా తల దాచుకోనిస్తారా?" అన్నాడు. మేము ఏమి జవాబు చెప్పామో ఈ వ్యాసము చివర చెప్పుతాము. "సీటు వచ్చింది, చోటు రాలేదు" అన్న ఆ మాటలోనే విశ్వవిద్యాలయ వసతి చరిత్ర అంతా ఇమిడి ఉన్నదని, తరువాత చదువగా చదువగా మాకు అర్థమైంది.

ఆరామముల కాలము

చదువుకొనువాడు గురువు దగ్గరనే నివసించుట మన దేశములో పాత ఆచారమే. అయితే అది గురువు ఇంటి వసతి. నలుగురైదుగురికి మించి చోటు ఉండదు. వందల మంది విద్యార్థులకు ఒకేచోట గదులు కట్టి, భోజనము ఏర్పాటు చేసి చదువు చెప్పినవారు బౌద్ధులు. మన కృష్ణాతీరమున నాగార్జునకొండలో, ఇక్ష్వాకుల కాలములో, అనగా క్రీ.శ. 3, 4 శతాబ్దములలో కట్టిన విహారములలో నడుమ ఒక మండపము, దాని చుట్టు వరుసగా చిన్న చిన్న గదులు బయల్పడినవి. సింహళ దేశమునుండి వచ్చిన భిక్షువులకు అక్కడ ప్రత్యేకముగా ఒక విహారము ఉండేది. సింహళ భిక్షువులకై అక్కడ చైత్యగృహము కట్టించిన ఉపాసిక పేరు బోధిశ్రీ. పరదేశి భిక్షువులకై కట్టడము లేపిన స్త్రీ మన తెలుగు నేలలో పదిహేడు వందల ఏండ్ల క్రిందటనే ఉన్నదని మనము జ్ఞాపకముంచుకొనవలెను.

బీహారులోని నలందాలో త్రవ్వకములవలన పదకొండు విహారములు బయటపడినవి. నడుమ చతురస్రమైన ముంగిలి, నాలుగు ప్రక్కల గదులు, గోడలో పడక అరుగులు, దీపపు గూళ్ళు. నేటి హాస్టలు నమూనా దాదాపు ఇదే! 7వ శతాబ్దములో అక్కడ చదివిన చైనా యాత్రికుడు హ్యుయాన్ త్సాంగ్, తరువాత వచ్చిన ఇత్సింగ్, ఆ వసతి ఎట్లు నడిచినదో వివరించారు. మొదటి యాత్రికుని చరిత్ర ప్రకారము నూరు గ్రామముల రాబడి, ఇత్సింగ్ కాలమునకు రెండు వందలకు పైగా గ్రామముల రాబడి నలందాకు చెందేది. విద్యార్థి అన్నమునకై బిచ్చమెత్తవలసిన పని లేకపోయినది. గది కట్టుట ఒక యెత్తు, ఆ గదిలో ఉన్నవానికి ప్రతిదినము అన్నము పెట్టుట మరియొక యెత్తు. ఈ రెండవ సంగతి మరచిన వసతి గృహములు ఎన్నో తరువాత మూతబడినవి.

ఆక్స్‌ఫర్డు పాఠము

ఐరోపాలో విశ్వవిద్యాలయములు ముందు పుట్టినవి, వసతి తరువాత వచ్చినది. ఆక్స్‌ఫర్డు విద్యార్థులు మొదట ఊరిలో ఇండ్లు అద్దెకు తీసుకొని ఉండేవారు. అద్దెల గూర్చి, ధరల గూర్చి ఊరివారితో నిత్యము తగవులే. 1355వ సంవత్సరము ఫిబ్రవరిలో ఒక కల్లు అంగడిలో మొదలైన జగడము పెద్ద దొమ్మీగా మారి, పదుల సంఖ్యలో విద్యార్థులు, ఊరివారు ప్రాణములు పోగొట్టుకొన్నారు.

ఈ బాధకు విరుగుడుగా ధర్మాత్ములు కాలేజీలు స్థాపించారు. 1264లో వాల్టర్ డి మెర్టన్ తన కాలేజీకి నియమములు ఏర్పరచి, భూములు వ్రాసి ఇచ్చాడు. ఈయన తరువాత రోచెస్టరు బిషప్పు అయ్యాడు. 1379లో వించెస్టరు బిషప్పు విలియం ఆఫ్ వికమ్ న్యూ కాలేజీ స్థాపించాడు. "కాలేజీ" అన్న మాటకు అప్పుడు పాఠములు చెప్పు చోటు అన్న అర్థముకంటె, కలిసి నివసించి, ఒకే బల్లవద్ద భుజించి, ఒకే చాపెలులో ప్రార్థించు సమాజము అన్న అర్థమే ఎక్కువ.

ఇది మన సంఘమునకు గర్వకారణమే. అయితే చరిత్ర వ్రాయువాడు రెండవ ప్రక్కకూడ చూపవలెను. సంఘము కట్టిన ఆ ఇండ్ల తలుపులు అందరికి తెరచుకోలేదు. ఇంగ్లండు సంఘమునకు చెందనివారికి ఆ రెండు పాత విశ్వవిద్యాలయములలోని పట్టములు, కాలేజీ పదవులు చాలా కాలము అందలేదు. ఆ అడ్డంకి చాలవరకు తొలగుటకు 1871 నాటి చట్టము కావలసి వచ్చింది. స్త్రీల సంగతి ఇంకను విచిత్రము. ఎమిలీ డేవిస్ అనే విదుషీమణి 1869లో ఐదుగురు విద్యార్థినులతో ఆరంభించిన వసతి కళాశాల 1873లో కేంబ్రిడ్జి దాపునకు మారి, గిర్టన్ కాలేజీ అయినది. అక్కడ స్త్రీలకు గది దొరికినది గాని, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము పూర్తి పట్టములు ఇచ్చినది 1948లో మాత్రమే. అనగా వారికి చోటు ముందు, సీటు తరువాత! మన కుర్రవాని కథకు ఇది తిరగవేసిన కథ.

మన దేశములో – పరీక్షలు ముందు, పడకలు వెనుక

1857లో కలకత్తా, బొంబాయి, మదరాసు విశ్వవిద్యాలయములు స్థాపించినప్పుడు ప్రభుత్వమువారు ఆక్స్‌ఫర్డును గాక లండన్ విశ్వవిద్యాలయమును మాదిరిగా తీసుకొన్నారు. అది పరీక్షలు జరిపి పట్టములు ఇచ్చు సంస్థ. కనుక మన విశ్వవిద్యాలయమునకు సెనేటు ఉన్నది, రిజిస్ట్రారు ఉన్నాడు, పరీక్షాధికారులున్నారు. విద్యార్థి రాత్రి ఎక్కడ పడుకొనునో అడుగు నాథుడు లేడు. సర్కారు జిల్లాలనుండి, రాయలసీమనుండి మదరాసు చేరిన తెలుగు పిల్లలు బంధువుల ఇండ్లలో, సత్రములలో, వారములు చేసుకొని, నలుగురు కలిసి గది తీసుకొని చదువుకొనేవారు. పట్టణములో బంధువులు, కులమువారు ఉన్నవారికి ఇది కొంత సాగింది. అట్టివారు లేనివాని మాట ఏమి?

మన క్రైస్తవులకు ఈ ప్రశ్న ఇంకను ముందే ఎదురైంది. రాబర్టు నోబుల్ దొరగారు 1841లో బందరు చేరి, 1843లో పాఠశాల తెరచారు. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మము పొందగానే ఊరు అట్టుడికిపోయి బడి దాదాపు ఖాళీ అయింది. తమ ఇంటి తలుపులు మూసుకుపోయిన ఆ ఇద్దరికి ఆశ్రయము మిషను బంగళాయే. మన "బోర్డింగు"లన్నిటి వెనుక ఇట్టి మూసిన తలుపు ఒకటి ఉన్నది. అయితే ఆ నోబుల్ దొరగారే తన బడిలో పై కులముల పిల్లలనే చేర్చుకొని, అంటరానివారని సమాజము వెలివేసినవారి పిల్లలను చేర్చుకోలేదన్న సంగతికూడ దాచరాదు. ఒకనికి తెరచిన తలుపు మరియొకనికి మూసియుండుట మనలోను జరిగినది.

మిల్లర్ దొరగారి హాస్టళ్ళు

కళాశాల విద్యార్థులకు వసతి చదువులో భాగమని మదరాసులో గట్టిగా నమ్మినవారు విలియం మిల్లర్ గారు. స్కాట్లండునుండి 1862లో వచ్చి, 1837లో ఆరంభమైన చిన్న మిషను పాఠశాలను మదరాసు క్రైస్తవ కళాశాలగా పెంచినది ఈయనే. 1880 దశకమునుండి ఆయన పూనికతో పట్టణములోని కళాశాల దాపున హాస్టళ్ళు లేచినవి. తరగతి గదిలో గంటసేపు చూచిన విద్యార్థిని మనము ఎరుగము, సాయంత్రము వానితో ఆడి, రాత్రి వాని దీపము వెలుగు చూచిన నాడే ఎరుగుదుము అన్నది ఆ పద్ధతికి మూలమైన ఆలోచన.

తరువాత ప్రభుత్వముకూడ మేల్కొన్నది. కర్జను ప్రభువు కాలములో వచ్చిన 1904 నాటి భారత విశ్వవిద్యాలయముల చట్టము ఒక ముఖ్య నిబంధన పెట్టింది. తల్లిదండ్రుల వద్దగాని సంరక్షకుల వద్దగాని ఉండని విద్యార్థులకు, కళాశాలలోనో, కళాశాల అంగీకరించిన బసలలోనో వసతి ఏర్పాటు చేయుదుమని చూపిన కళాశాలకే అనుబంధము ఇవ్వవలెనని ఆ నిబంధన సారాంశము. మన దేశములో విద్యార్థి పడక చట్టమునకెక్కినది అప్పుడే.

1917–19 లో సాడ్లర్ గారి అధ్యక్షతను కూర్చున్న కలకత్తా విశ్వవిద్యాలయ కమిషను, విద్యార్థులు నివసించు చోటే విశ్వవిద్యాలయమునకు పునాది కావలెనని చెప్పింది. ఆ సలహా ఫలితముగా 1921 జూలై 1న ఢాకా విశ్వవిద్యాలయము మూడు హాళ్ళతో ఆరంభమైనది. లోపల నివసించువాడేగాక, ఇంటినుండి వచ్చి పోవువాడుకూడ ఏదో ఒక హాలుకు చెందవలసినదే. ఈ పద్ధతినే మన మదరాసు క్రైస్తవ కళాశాలకూడ, 1937లో జనసమ్మర్దమైన పట్టణమును విడిచి తాంబరం అడవిలోనికి మారినప్పుడు, అమలు చేసింది. సెయింట్ థామస్ హాలు, సేలైయూరు హాలు, బిషప్ హెబర్ హాలు అను మూడు హాళ్ళు అక్కడ లేచినవి. డే స్కాలరుకుకూడ హాలులో ఆటలలోను, విందులలోను పాలు ఉండేది. తరువాతి కాలములో విద్యార్థినులకుకూడ హాళ్ళు వచ్చినవి.

ఆడపిల్లల విషయములో మదరాసు ముందే మేలుకొన్నది. 1915లో పన్నెండు మిషనరీ సంఘములు చేతులు కలిపి స్థాపించిన విమెన్స్ క్రిస్టియన్ కాలేజీ ఆరంభమునుండి వసతి కళాశాలయే. మొదటి ప్రిన్సిపాలు ఎలినార్ మెక్‌డూగల్ గారు. మరుసటి సంవత్సరమే అది డవ్‌టన్ హౌసుకు మారింది. "ఆడపిల్లను పరాయి ఊరు ఎట్లు పంపుదుము?" అన్న తల్లిదండ్రులకు ఆ హాస్టలే జవాబు. ఈనాడు మన సంఘములలో కనుపించు లేడీ డాక్టరులు, అధ్యాపకురాండ్రు వెనుక ఒక నమ్మకమైన హాస్టలు ఉన్నదనుట అతిశయోక్తి కాదు.

తెలుగునాట

ఆంధ్ర విశ్వవిద్యాలయము 1926లో బెజవాడలో పుట్టి, 1930లో వాల్తేరు చేరింది. ఇంటికి దూరముగా సముద్రపు ఒడ్డున ఉన్న చోటు కనుక హాస్టలు లేనిదే విశ్వవిద్యాలయము లేదు. 1931 నుండి 1936 వరకు దానికి ఉపాధ్యక్షులైన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు స్వయముగా మదరాసు క్రైస్తవ కళాశాల విద్యార్థి. రెండవ ప్రపంచ యుద్ధములో, 1942లో, ఆ భవనములు సైన్యము వశమై విశ్వవిద్యాలయము గుంటూరుకు తరలవలసి వచ్చింది. యుద్ధకాలములో మొదట ఖాళీ చేయించునది విద్యార్థి గదినే!

హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో స్థాపితమైనది. అదే సంవత్సరము నగరములో రెడ్డి హాస్టలుకూడ వెలసినది. పల్లెలనుండి వచ్చు విద్యార్థికి కులముల పేరిట వసతి ఏర్పడుట ఆ కాలపు రీతి. కొల్హాపూరు మహారాజు షాహూ 1901 నుండి ఒక్కొక్క సమాజమునకు ఒక్కొక్క బోర్డింగు పెట్టించి, 1908లో అంటరానివారని పిలువబడిన పిల్లలకుకూడ ఒకటి ఏర్పరచారు. ఇట్టివి ఎందరినో పైకి తెచ్చినవి. అయినను ఒక కులమువాడు మరియొక కులమువానితో బల్ల పంచుకొను అవకాశము వీటిలో తక్కువ. ఆ అవకాశము ప్రాంగణములోని హాస్టలుకే ఉన్నది.

ప్రాంగణ హాస్టలు శక్తి ఎంతటిదో 1938 చివర ఉస్మానియాలో తేలింది. హాస్టలు ప్రార్థన గదిలో విద్యార్థులు వందేమాతరము పాడుట అధికారులు నిషేధించారు. విద్యార్థులు సమ్మె చేశారు. వందలమందిని వెళ్ళగొట్టగా నాగపూరు విశ్వవిద్యాలయము వారికి తలుపు తెరచింది. అట్లు వెళ్ళినవారిలో ఒకరు తరువాత భారత ప్రధానమంత్రి అయిన పి.వి. నరసింహారావు గారు. ఒక విశ్వవిద్యాలయము పొమ్మన్నవానిని మరియొకటి రమ్మన్నది. ఈ రెండు మాటల నడుమనే ఎందరి బ్రతుకులో నిలిచినవి.

ఒక మనిషి, రెండు ఊళ్ళు

ఇక మేము చెప్పదలచిన ముఖ్య సంగతికి వచ్చాము.

1913లో బరోడా మహారాజు ఇచ్చిన ఉపకార వేతనముతో డాక్టర్ అంబేడ్కర్ గారు న్యూయార్కు వెళ్ళి కొలంబియా విశ్వవిద్యాలయములో చేరారు. మొదట అక్కడి హార్ట్‌లీ హాలులో, తరువాత లివింగ్‌స్టన్ హాలులో ఒక పార్సీ మిత్రునితో కలిసి నివసించారు. సముద్రములు దాటిన ఆ ప్రాంగణములో ఆయన కులము ఏమని ఎవరును అడుగలేదు. నలుగురితోపాటు ఆయనకొక మంచము, ఒక బల్ల, ఒక దీపము.

1917లో ఒప్పందము ప్రకారము ఉద్యోగము చేయుటకు ఆయన బరోడా వచ్చారు. ఉద్యోగము ఉన్నది, ఉండుటకు ఇల్లు లేదు. పార్సీ సత్రములో పార్సీ పేరు వ్రాసుకొని, పాత సామాను పడవేసిన మేడమీద ఒంటరిగా రాత్రులు గడిపారు. పదకొండవ దినమున డజనుమంది పార్సీలు కర్రలతో వచ్చి, సాయంత్రములోగా ఖాళీ చేయుమని బెదరించారు. ఆయనకు ఆ ఊరిలో ఇద్దరు స్నేహితులు. ఒకరు హిందువు, మీరు వస్తే మా పనివాండ్రు వెళ్ళిపోవుదురన్నారు. రెండవవారు భారతీయ క్రైస్తవుడు. నా భార్య రేపు వచ్చును, ఆమెతో ఆలోచించి చెప్పెదనన్నారు. ఆ దంపతులు బ్రాహ్మణ కుటుంబమునుండి క్రైస్తవులైనవారు. భర్త ఉదారుడేగాని, భార్య అంటరానివానిని ఇంటిలో ఉంచుటకు ఒప్పుకొనదని ఆయనకు తెలిసింది. అంబేడ్కర్ గారు ఊరి తోటలో కూర్చుండి, రాత్రి బండికి బొంబాయి తిరిగి వెళ్ళారు. ఈ సంగతి ఆయన తన జ్ఞాపకములలో స్వయముగా వ్రాసుకొన్నారు.

అటువంటి మనిషి 1925లో షోలాపూరులో పేద విద్యార్థులకు వసతి గృహము తెరపించుటలో ఆశ్చర్యమేమున్నది? షెడ్యూల్డు కులముల విద్యార్థులకు 1944లో ఆరంభమైన ఉపకార వేతనములలో, హాస్టలులో ఉండువానికి ఒక రేటు, ఇంటినుండి వచ్చువానికి ఒక రేటు ఏర్పడినది. పడకకు, అన్నమునకు ప్రభుత్వము లెక్క కట్టిన ఆ పద్ధతివలననే మన సంఘములలోని ఎన్నో కుటుంబముల మొదటి పట్టభద్రులు తయారైరి.

నేటి సంగతి

ఈ పొద్దు ప్రాంగణములో విద్యార్థికి ఉన్న మార్గములు మన కుటుంబములు తెలిసికొనవలెను. మొదటిది విశ్వవిద్యాలయ హాస్టలు: వార్డెను పెత్తనము, గదికి ఇద్దరు ముగ్గురు, నెలసరి ఖర్చును తిన్నవారందరికి పంచు డివైడింగ్ మెస్సు. రెండవది, ఉపకార వేతనముతో ముడిపడిన అటాచ్డ్ హాస్టలు. మూడవది, ప్రాంగణము వెలుపల విద్యార్థులే కలిసి ఇల్లు తీసుకొని నడుపుకొను స్టూడెంట్ మేనేజ్డ్ హాస్టలు. నాలుగవదానికి ఏ దరఖాస్తు కాగితము లేదు. చోటు రానివాడు స్నేహితుని గదిలో నేలమీద పడుకొనుట. వానిని "నాన్-బోర్డరు" అందురు. లెక్కలో లేనివాడు, అయినను ఉన్నవాడు.

వసతి గృహములో బాధలుకూడ లేకపోలేదు. ర్యాగింగు క్రూరత్వమును అరికట్టుటకు మన రాష్ట్రము 1997లోనే చట్టము చేయవలసి వచ్చింది. 2016 జనవరిలో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయములో, హాస్టలునుండి బహిష్కరింపబడి ఆరుబయట గుడారము వేసుకొన్న ఐదుగురు పరిశోధక విద్యార్థులలో ఒకరైన రోహిత్ వేముల ప్రాణము తీసుకొనుట దేశమంతటిని కదిలించింది. ఆ వివాదములో ఎవరి పక్షము ఏదైనను, విద్యార్థి గది తాళము తీసివేయుట ఎంత బరువైన శిక్షయో తల్లిదండ్రులైనవారు గ్రహింపవలెను.

మా ఒప్పుకోలు

ఆ కుర్రవానికి మేము ఏమి చెప్పామని మీరు అడుగుదురు. పార్సనేజీలో వెనుక గది ఒకటి పాత కుర్చీలతో నిండి ఉన్నది. "బాబూ, మా ఇంట్లో అమ్మగారితో మాట్లాడి, పెద్దలనుకూడ ఒక మాట అడిగి చెప్తాము, రేపు రా" అన్నాము. కోపముగా అనలేదు, మర్యాదగానే అన్నాము. అమ్మగారు ఆ రాత్రియే, "కుర్చీలు బయట పెడితే సరిపోదా?" అన్నారు. అయితే మరునాడు ఆ అబ్బాయి రాలేదు. వాడు ఆ సంవత్సరమంతయు నాన్-బోర్డరుగా నేలమీద పడుకొని చదివినాడని తరువాత తెలిసింది. ఇప్పుడు ఒక కళాశాలలో అధ్యాపకుడు. కనుపించినప్పుడు "వందనాలు అయ్యగారూ" అనును. ఆ సాయంత్రము మాట మాత్రము ఎన్నడును ఎత్తడు.

అంబేడ్కర్ గారి జ్ఞాపకములు మేము చదివినది ఆ తరువాతనే. బరోడాలోని ఆ క్రైస్తవ స్నేహితుడు చెప్పిన జవాబు చదివినప్పుడు, పుస్తకము మూసి చాలాసేపు ఊరకుండిపోయాము. అతడు చెప్పినదీ, మేము చెప్పినదీ ఒకటే మాట: రేపు.

ప్రియ సంఘస్థులారా, బేత్లెహేములో సత్రములో స్థలము లేకపోయెనని ప్రతి క్రిస్మసుకు మనము ప్రసంగించుదుము. శతజయంతి జ్ఞాపకార్థము గోపురములు, శిలాఫలకములు వేయుదుము. మంచిదే. వాటితోపాటు, విశ్వవిద్యాలయము ఉన్న ప్రతి పట్టణములో మన పాస్టరేటు ఒక్క గదినైనను జూన్, జూలై మాసములలో ఖాళీగా ఉంచి, హాస్టలు లిస్టు వచ్చువరకు, ఏ ఊరివాడైనను, ఏ సంఘమువాడైనను, ఏ మతమువాడైనను, విద్యార్థి తల దాచుకొనుటకు ఇవ్వరాదా? ఆడపిల్లలకు నమ్మకమైన కుటుంబముల పేర్లు ఒక కాగితముమీద వ్రాసి ఉంచరాదా? దీనికి పెద్ద కమిటీ అక్కరలేదు. కుర్చీలు బయట పెట్టిన చాలును.

మేము ఇప్పుడు సేవ చేయుచున్న సంఘములో ఆ గది ఉన్నది. ఒక మంచము, ఒక బల్ల, ఒక దీపము. తాళపుచెవి మేకుకు వ్రేలాడుచున్నది. అడిగినవానికి అదే దినమున ఇచ్చుచున్నాము.